ఖాళీ జవాబు వచ్చినప్పుడు ఏజెంట్ ఏమనుకోవాలి?

ఒక చిన్న పరికరాన్ని తయారుచేసినవారే దాని భద్రతను పరీక్షించమని మాకు ఫర్మ్‌వేర్, అంటే దాని లోపల నడిచే ప్రోగ్రాం, ఇచ్చారు. దాన్ని గిడ్రాలో (సోర్స్ లేని ప్రోగ్రాంలను విప్పి చదివే సాఫ్ట్‌వేర్‌లో) తెరిచి, విశ్లేషణ పూర్తయ్యాక, గిడ్రాకు జోడించిన ఏఐ ఏజెంట్‌ను ఒక మామూలు ప్రశ్న అడిగాను: హెక్సాడెసిమల్‌లో 08004530 దగ్గర మొదలయ్యే ఫంక్షన్‌కు ఎక్కడెక్కడి నుంచి కాల్స్ వస్తున్నాయి? ఏజెంట్ ముందుగా నేను రాసిన క్రాస్ రిఫరెన్స్ టూల్‌ను, అంటే ఒక అడ్రస్‌ను ప్రోగ్రాంలో ఏయే చోట్లు సూచిస్తున్నాయో చెప్పేదాన్ని, వాడింది. ఖాళీ జాబితా వచ్చింది. అంతటితో ఆగకుండా, బైట్లను వెతికే టూల్‌తో 30 45 00 08 అనే వరుస కోసం (మెమరీలో అదే అడ్రస్ బైట్లు చివరి నుంచి మొదటికి ఇలా ఉంటాయి) ఫర్మ్‌వేర్ అంతా గాలించింది. అదీ దొరకలేదు. అప్పుడు ఇలా రాసింది: "ఈ ఫంక్షన్‌ను ప్రోగ్రాంలో ఎవరూ వాడడం లేదు. పాత వెర్షన్ నుంచి మిగిలిపోయిన కోడ్ అయి ఉంటుంది."

నేను నమ్మాను. రెండు రోజులు వేరే చోట తవ్వుతూ గడిపాను. మూడో రోజు డేటా భాగాన్ని హెక్స్‌లో చూస్తుంటే ఎనిమిదేసి బైట్ల వరుసలతో ఒక పట్టిక కనిపించింది. ప్రతి వరుసలో మొదటి నాలుగు బైట్లు ఆదేశం సంఖ్య, తర్వాతి నాలుగు బైట్లు పాయింటర్, అంటే ఒక ఫంక్షన్ అడ్రస్. ఒక వరుసలో 31 45 00 08 ఉంది. ఈ పరికరంలో ఉన్నలాంటి కార్టెక్స్-ఎం ప్రాసెసర్లలో కోడ్ అంతా థంబ్ (ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్ల కుదించిన రూపం) కాబట్టి ఫంక్షన్ పాయింటర్ చివరి బిట్ ఒకటిగా ఉంటుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 08004530 దగ్గరున్న ఫంక్షన్‌ను ఆ పట్టిక 08004531గా దాచుకుంది. పట్టికలోని విలువలను గిడ్రా పాయింటర్లుగా గుర్తించలేదు గనుక క్రాస్ రిఫరెన్స్ నమోదు కాలేదు. ఒక్క బిట్ తేడా వల్ల బైట్ల వెతుకులాట కూడా గురి తప్పింది. ఎవరూ వాడడం లేదని మేం పక్కన పెట్టిన ఆ ఫంక్షన్, నిజానికి సీరియల్ పోర్టు గుండా బయటి నుంచి వచ్చే ఒక ఆదేశాన్ని అందుకునేది. వచ్చిన డేటా పొడవును సరిచూడకుండా బఫర్‌లోకి కాపీ చేస్తున్నది కూడా అదే. అంటే మేం వెతుకుతున్న లోపం మొదటి గంటలోనే మా కళ్ల ముందుకు వచ్చి, మృత కోడ్ అనే ముద్రతో వెనక్కి వెళ్లిపోయింది.

మొదట మోడల్ మీద కోపం వచ్చింది. థంబ్ బిట్ సంగతి కూడా తెలియని మోడల్‌తో ఈ పని ఎలా చేయించాలని అనుకున్నాను. నిజంగా తెలియదా అని కొత్త సెషన్‌లో అడిగి చూశాను. పాయింటర్‌లో చివరి బిట్ ఎందుకు ఒకటవుతుందో, కాల్ చేసేటప్పుడు ప్రాసెసర్ దాన్ని ఎలా వాడుకుంటుందో తడబడకుండా వివరించింది. దానికి విషయం తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే: నేను రాసిన టూల్ ఆ బిట్‌ను పట్టించుకుంటుందా లేదా అన్నది. ఆ సంగతి లోకంలో ఏ పుస్తకంలోనూ ఉండదు. నా టూల్ గురించి ఏజెంట్ చదివే వివరణలో ఉండాలి. ఆ వివరణ తెరిచి చూస్తే ఇలా ఉంది: "ఇచ్చిన అడ్రస్‌కు ఉన్న క్రాస్ రిఫరెన్సులను ఇస్తుంది."

అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా రెండు రోజులు పోయింది ఆ వాక్యం వల్లే. అప్పటి నుంచి నాలో గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. రివర్స్ ఇంజనీరింగ్ (సోర్స్ లేని ప్రోగ్రాంను విప్పి అర్థం చేసుకునే పని) టూల్ వివరణలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం, ఆ టూల్ ఏం చేస్తుందో చెప్పేది కాదు. దాని జవాబు దేనికి రుజువు కాదో చెప్పేది. ముఖ్యంగా, జవాబు ఖాళీగా వస్తే దానికి అర్థం ఏమిటో చెప్పేది.

మనకు కనిపించేది, దానికి కనిపించనిది

ఈ పనిలో ఈ అవసరం ఎందుకు ఇంత ఎక్కువ? సోర్స్ కోడ్‌తో పనిచేసే ఏజెంట్ పొరపడితే కంపైలర్ ఆపుతుంది, లేదా టెస్ట్ ఫెయిలవుతుంది. తాను అనుకున్నది తప్పని గంటలో పదిసార్లు తెలుసుకునే అవకాశం దానికి ఉంది. మన పనిలో అలా అడ్డుకునేది ఏదీ లేదు. సోర్స్ ఉండదు, చాలాసార్లు నడిపి చూసే పరికరమూ ఉండదు. బైనరీ (కంపైలయ్యాక వచ్చే ప్రోగ్రాం ఫైల్) గురించి ఏజెంట్‌కు తెలిసేదంతా టూల్స్ చెప్పినదే. ఒక టూల్ మౌనాన్ని అది "లేదు" అని చదువుకుంటే, ఆ "లేదు" మీద ఇంకో నాలుగు నిర్ణయాలు కట్టుకుంటూ పోతుంది. ప్రతి నిర్ణయమూ దాని కింద ఉన్నదాన్ని బట్టి సబబుగానే కనిపిస్తుంది.

మనిషి గిడ్రా ముందు కూర్చున్నప్పుడు తెర మీద చాలా సంగతులు అడగకుండానే తెలుస్తాయి. ఏ ప్రాంతం ఇంకా విశ్లేషణ కాలేదో, ఏ డేటాకు రకం నిర్ణయం కాలేదో, ఒక ఫంక్షన్ చుట్టుపక్కల ఏమున్నాయో కంటికి ఆనుతూనే ఉంటాయి. రిఫరెన్సులు లేవని కనబడితే, "పట్టికలో ఉందేమో చూద్దాం" అని చెయ్యి దానంతట అదే కదులుతుంది. ఏజెంట్‌కు ఆ తెర లేదు. మోడళ్లను టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఎంసీపీ ద్వారా దానికి అందేవి ప్రధానంగా టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ ఏ రూపంలో ఉండాలో చెప్పే స్కీమా, ఆ తర్వాత జవాబు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ ఆ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక, 2025లో గిడ్రాకూ, అలాంటిదే అయిన ఐడాకూ ఎంసీపీ సర్వర్లు వరుసగా వచ్చాయి. నాలాంటివాళ్లు చాలామంది ఒక సాయంత్రం కూర్చుని, గిడ్రాలో ఉన్న ప్రతి పనికీ ఒక టూల్, ప్రతి టూల్‌కూ ఒక వాక్యం రాసేశాం. ఆ వాక్యాన్ని మనకు తెలిసిన తెరను మనసులో పెట్టుకుని రాశాం. చదివేదానికి ఆ తెర లేదన్న సంగతి ఆలోచించలేదు.

నా క్రాస్ రిఫరెన్స్ టూల్ వివరణను ఇలా తిరగరాశాను:

"ఇచ్చిన అడ్రస్‌ను సూచించే చోట్లను ఇస్తుంది, అయితే గిడ్రా డేటాబేస్‌లో ఇప్పటికే నమోదైనవాటిని మాత్రమే ఇస్తుంది. ఫంక్షన్ పాయింటర్ల పట్టికల నుంచి, వర్చువల్ టేబుల్స్ నుంచి, నడిచేటప్పుడు లెక్కగట్టే అడ్రస్‌ల నుంచి జరిగే కాల్స్ ఇందులో కనిపించకపోవచ్చు. జాబితా ఖాళీగా వస్తే, నమోదైన రిఫరెన్స్ లేదని మాత్రమే అర్థం. ఆ ఫంక్షన్‌ను ఎవరూ వాడడం లేదని అర్థం కాదు. ఆ నిర్ణయానికి వచ్చే ముందు అడ్రస్ విలువ కోసం డేటా ప్రాంతాల్లో కూడా వెతకాలి."

కొత్త సెషన్ తెరిచి అదే ప్రశ్న అడిగాను. ఈసారి ఏజెంట్ ఖాళీ జాబితా చూసి, పాయింటర్ల పట్టిక ఉండవచ్చని తనంతట తానే అనుకుని, ఇది థంబ్ కోడ్ కదా అని గుర్తు చేసుకుని, 31 45 00 08 కోసం వెతికి పట్టుకుంది. థంబ్ గురించి నేను వివరణలో ఒక్క మాట కూడా రాయలేదు. ఒకసారి సరిగా వచ్చినంత మాత్రాన రుజువైనట్టు కాదు కాబట్టి మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ పట్టిక దాకా వెళ్లలేదు. కానీ వెళ్లలేని సెషన్లలో కూడా "కాల్ చేసే చోటు ఇంకా తెలియలేదు" అని రాసింది తప్ప, మృత కోడ్ అని తేల్చెయ్యలేదు. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాయే నాకు కావలసింది. మొదటిది చదివితే నేను వెతుకుతాను. రెండోది చదివి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

అడ్రస్ అనే ఒక్క మాట

వివరణల్లో మనం అన్నిటికంటే నిర్లక్ష్యంగా వాడే మాట "అడ్రస్". పారామీటర్ పేరు అడ్రస్, వివరణ "ఫంక్షన్ అడ్రస్", అంతే. ఏ అడ్రస్? ఫైల్‌లో ఎన్నో బైటు అన్నదా, ఇమేజ్ మొదలు నుంచి ఎంత దూరం అన్నదా, మెమరీలో లోడయ్యే చోటా, డీబగ్గర్‌లో ఈసారి కనబడుతున్న చోటా?

లైనక్స్‌లో ఇప్పుడు మామూలుగా కంపైలయ్యే, ఎక్కడైనా లోడ్ కాగలిగే ప్రోగ్రాం ఒకటి తీసుకోండి. ఆబ్జ్‌డంప్ అనే టెర్మినల్ టూల్ దాన్ని సున్నా నుంచి మొదలుపెట్టి చూపిస్తుంది. గిడ్రా తన అలవాటు ప్రకారం హెక్సాడెసిమల్ 100000 దగ్గర లోడ్ చేస్తుంది. అదే ఫంక్షన్ ఒకచోట 1189, ఇంకోచోట 101189. గిడ్రాలో కొన్నాళ్లు పనిచేసినవాళ్లకు ఆ ముందున్న ఒకటి కంటికి అలవాటైపోతుంది, దాని గురించి ఆలోచించడమే మానేస్తారు. నా ఏజెంట్‌కు టెర్మినల్ కూడా అందుబాటులో ఉండేది. అది ఒకసారి ఆబ్జ్‌డంప్ నడిపి, అక్కడ కనిపించిన 1189ని తెచ్చి నా డీకంపైల్ టూల్‌కు (మెషిన్ కోడ్‌ను సీ లాంటి కోడ్‌గా చూపేదానికి) ఇచ్చింది. "ఫంక్షన్ దొరకలేదు" అని జవాబొచ్చింది. ఇంకో మూడు ఫంక్షన్లతో ప్రయత్నించింది, అదే జవాబు. చివరికి ఈ బైనరీ ప్యాక్ చేసి (కోడ్‌ను కుదించి దాచి) ఉందని, గిడ్రా అసలు కోడ్‌ను చూడలేకపోతోందని ఒక పేజీ నివేదిక రాసింది. ఆ నివేదికలో తర్కం ఎక్కడా తెగలేదు. మొదటి మెట్టు ఒక్కటే లేదు, ఆ మెట్టు కట్టవలసినవాణ్ని నేను.

ఇప్పుడు ఆ వివరణలో, అడ్రస్ అంటే గిడ్రా డేటాబేస్‌లో కనిపించే అడ్రస్ అనీ, ఇమేజ్ బేస్ (ప్రోగ్రాం లోడయ్యే మొదటి అడ్రస్) ఎంతో చెప్పే టూల్ ఫలానా అనీ, వేరే టూల్ నుంచి తెచ్చిన అడ్రస్ అయితే ముందు ఆ బేస్‌లను పోల్చాలనీ ఉంది. దానికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం ఎర్రర్ వాక్యాన్ని మార్చడం. "ఫంక్షన్ దొరకలేదు" అన్నచోట ఇప్పుడు "1189 ఈ ప్రోగ్రాం మెమరీ పరిధిలో లేదు, పరిధి 100000 దగ్గర మొదలవుతుంది" అని వస్తుంది. వివరణ అంటే సర్వర్ మొదట పంపే వాక్యం మాత్రమే అనుకోవడం కూడా పొరపాటేనని నాకు అక్కడ అర్థమైంది. ఎర్రర్ కూడా వివరణే. అది ఏజెంట్‌కు సరిగ్గా అవసరమైన క్షణంలో అందుతుంది.

స్కీమా కూడా అంతే. మొదట్లో నేను అడ్రస్‌ను సంఖ్యగా తీసుకున్నాను. టూల్‌కు ఇన్‌పుట్ వెళ్లే జేసన్ రూపంలో హెక్సాడెసిమల్ సంఖ్య రాసే వీలు లేదు కాబట్టి, ఏజెంట్ 401000 అనే అడ్రస్‌ను ఇవ్వాలంటే దాన్ని మనసులోనే దశాంశంలోకి మార్చి 4198400 అని రాయాలి. చిన్నవాటికి సరిగానే చేసేది. పెద్దవాటికి ఒక్కోసారి ఒక అంకె తప్పేది. ఆ తప్పు అడ్రస్ ఇంకో ఫంక్షన్ మధ్యలో పడితే టూల్ ఏ ఫిర్యాదూ లేకుండా ఆ వేరే ఫంక్షన్‌ను డీకంపైల్ చేసి ఇచ్చేది. పైగా జేసన్ సంఖ్యలను చాలా లైబ్రరీలు ఫ్లోటింగ్ పాయింట్‌లో దాచుతాయి. వాటిలో 53 బిట్లు దాటిన పూర్ణసంఖ్యలు కచ్చితంగా ఇమడవు. లైనక్స్ కెర్నెల్ అడ్రస్‌లు 64 బిట్లనూ నింపేస్తాయి. అడ్రస్‌ను హెక్సాడెసిమల్ స్ట్రింగ్‌గా మార్చి, ఏ రూపంలో ఇవ్వాలో ఒక ఉదాహరణ పెట్టడంతో ఆ బాధ పోయింది. అంతకంటే దాని గురించి చెప్పవలసింది లేదు.

"లేదు"లో ఎన్ని రకాలో

బైట్ల వెతుకులాటలో ఇంకో సంగతి ఉంది, అది నాకు ఇప్పటికీ ఆసక్తిగానే ఉంటుంది. ఫర్మ్‌వేర్‌లో ఎండీ5 అనే హాష్ పద్ధతి వాడుతున్నారా అని అడిగితే ఏ ఏజెంటైనా మొదట చేసేది, ఆ పద్ధతి లెక్క మొదలుపెట్టే 67452301 అనే స్థిరాంకం కోసం వెతకడం. ఆ అంకెలను చూసినట్టే 67 45 23 01 అని ఇస్తే, చివరి బైటును ముందు దాచే లిటిల్ ఎండియన్ ఫర్మ్‌వేర్‌లో దొరకదు. అక్కడ అది 01 23 45 67గా ఉంటుంది. సరే, టూల్ వివరణలో "బైట్లను మెమరీలో ఉన్న వరుసలోనే ఇవ్వాలి" అని రాశాం. ఇప్పుడు సరైన వరుసలో వెతికినా దొరకలేదనుకోండి. కంపైలర్ ఆ విలువను రెండు సగాలు చేసి, రెండు వేర్వేరు ఇన్‌స్ట్రక్షన్లలో లోడ్ చేసి ఉండవచ్చు. ఆర్మ్‌లో అది మామూలే. అప్పుడు నాలుగు బైట్లు పక్కపక్కన ఎక్కడా ఉండవు. పోనీ దొరికిందే అనుకోండి. షా-1 అనే ఇంకో హాష్ పద్ధతి కూడా అదే విలువతో మొదలవుతుంది. అంటే దొరకకపోవడం లేదనడానికి రుజువు కాదు, దొరకడం ఎండీ5 అనడానికీ రుజువు కాదు.

స్ట్రింగ్స్ జాబితాదీ ఇదే కథ. కనీస పొడవు ఎంత పెట్టామో, విండోస్ బైనరీల్లో ఎక్కువగా ఉండే రెండు బైట్ల అక్షరాలను కూడా చూస్తున్నామో లేదో, మొదటి వంద ఫలితాలే ఇచ్చి ఆగిపోయామో చెప్పకపోతే, "ఈ ప్రోగ్రాంలో యూఆర్‌ఎల్ ఏదీ లేదు" అనే వాక్యం నివేదికలోకి నిశ్చింతగా ఎక్కేస్తుంది. వంద దగ్గర ఆపేసి, ఆపేశానని చెప్పని టూల్‌ను నేను ఇప్పుడు తప్పుడు టూల్‌గానే లెక్కగడతాను.

టూల్‌నే బాగుచేయవచ్చు కదా

ఈ మాటలన్నీ మా బృందంలో ఒక పెద్దాయనకు చెప్పాను. ఆయన ఈ పనిలో నాకంటే చాలా ముందు నుంచి ఉన్నారు. ఓపిగ్గా విని, "మీరు లోపాన్ని వివరంగా రాసి పెట్టారు, బాగుంది. కానీ థంబ్ బిట్ సంగతి టూలే చూసుకునేలా రాయవచ్చు కదండీ? వివరణ ఎందుకు?" అన్నారు.

ఆయన అన్నది నిజం. ఆ రోజే టూల్‌ను మార్చాను. ఇప్పుడది రిఫరెన్సులు లేనప్పుడు, ప్రోగ్రాం థంబ్ అయితే ఒకటి కలిపిన విలువతో కూడా డేటాలో వెతికి, దొరికినవాటిని "పాయింటర్ కావచ్చు" అనే గుర్తుతో ఇస్తుంది. బాగుచేయగలిగిన లోపాన్ని బాగుచేయకుండా వివరణలో రాసి ఊరుకోవడం సోమరితనమే. అయినా ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోయాను. ఒక పాయింటర్ నడిచేటప్పుడు ఏయే విలువలు తీసుకోగలదో అన్ని ప్రోగ్రాంలకూ కచ్చితంగా చెప్పగలిగే పద్ధతి ఉండదు. అది ఇంజనీర్ల చేతకానితనం కాదు, గణన సిద్ధాంతం పెట్టిన హద్దు. ఎంత బాగుచేసినా టూల్‌కు ఒక అంచు మిగిలే ఉంటుంది. బాగుచేసే కొద్దీ ఆ అంచు దూరం జరుగుతుంది, కంటికి కనిపించడం తగ్గుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే తప్పే టూల్‌ను ఏజెంటూ నమ్ముతుంది, నేనూ నమ్ముతాను. అలాంటి టూల్‌కే అంచు ఎక్కడుందో చెప్పే వాక్యం ఎక్కువ అవసరం.

ఇంకొందరు చెప్పేది వేరు. ఇన్ని టూల్స్ ఎందుకు, స్క్రిప్ట్ నడిపే టూల్ ఒక్కటి ఇస్తే ఏజెంటే గిడ్రా ఏపీఐతో తనకు కావలసింది రాసుకుంటుంది కదా అంటారు. ఇది నాకు నచ్చే ఆలోచనే, కొన్ని పనులకు నేనూ అలాగే చేస్తున్నాను. కానీ స్క్రిప్ట్ కూడా చివరికి అదే డేటాబేస్‌ను రిఫరెన్సులు అడుగుతుంది, అదే ఖాళీ జాబితా తెచ్చుకుంటుంది. ఖాళీకి అర్థం చెప్పే బాధ్యత నా దగ్గర నుంచి ఏపీఐ డాక్యుమెంటేషన్ దగ్గరకు వెళ్తుంది, అంతే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం నా అనుభవంలోంచే వచ్చింది. మొదటి విజయం ఉత్సాహంలో ప్రతి వివరణనూ పెంచుకుంటూ పోయాను. క్రాస్ రిఫరెన్స్ వివరణలో థంబ్ గురించి, సీ++ వర్చువల్ టేబుల్స్ గురించి, ఎగుమతి అయ్యే ఫంక్షన్ల గురించి పేరా పేరా రాశాను. ఆ తర్వాత ఒక మామూలు ఎక్స్86 (పీసీ ప్రాసెసర్ల) ప్రోగ్రాం తెరిస్తే, ఏజెంట్ అక్కడ కూడా ప్రతి అడ్రస్‌కూ ఒకటి కలిపి వెతకడం మొదలుపెట్టింది. ఎక్స్86లో ఆ బిట్‌కు అలాంటి అర్థమే లేదు. నేను ఒక సందర్భానికి రాసిన హెచ్చరికను అది అన్ని సందర్భాలకూ ఆజ్ఞగా తీసుకుంది. పైగా ఈ వివరణలన్నీ మామూలుగా సెషన్ మొదట్లోనే మోడల్ ముందుకు వస్తాయి. నలభై టూల్స్‌కు పేజీ చొప్పున రాస్తే, బైనరీ గురించి ఒక్క ముక్క తెలియకముందే కాంటెక్స్ట్‌లో, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగే పాఠంలో, పెద్ద భాగం నా ఉపన్యాసాలతో నిండిపోతుంది.

దాంతో నా వాదనను కొంత సవరించుకోక తప్పలేదు. ఏ బైనరీకైనా వర్తించే హద్దు వివరణలో ఉండాలి. ఈ బైనరీకి మాత్రమే వర్తించే హద్దు జవాబులో ఉండాలి. ప్రాసెసర్ ఏమిటో టూల్‌కు తెలుసు, విశ్లేషణ కాని ప్రాంతం ఎంతో తెలుసు, ఎన్ని ఫలితాలను ఆపేసిందో తెలుసు. అందుకని ఇప్పుడు నా టూల్ ఉత్త ఖాళీ జాబితాను ఎప్పుడూ ఇవ్వదు. "నమోదైన రిఫరెన్సులు 0. ఇది థంబ్ కోడ్. రకం నిర్ణయం కాని డేటా ప్రాంతాలు ఉన్నాయి" అని ఇస్తుంది. థంబ్ పేరా వివరణలోంచి తీసేశాను. ఎక్స్86 ప్రోగ్రాంలో ఆ మాట రాదు, ఏజెంట్ ఒకటి కలపదు. అలాగని వివరణను మళ్లీ ఒక్క వాక్యానికి కుదించలేదు. ఏ టూల్‌ను పిలవాలో ఏజెంట్ నిర్ణయించుకునేది జవాబు చూడకముందే. పైగా ఆ ఫంక్షన్‌ను ఎవరూ వాడడం లేదా అన్న ప్రశ్నకు ఈ టూల్ ఒక్కటే చాలదన్న సంగతి దాని ప్రణాళికలోనే ఉండాలి.

పేరు పెట్టే టూల్ విషయంలో ఇంకా భయం ఎక్కువ

ఇంతవరకు చెప్పినవన్నీ చదివే టూల్స్. డేటాబేస్‌ను మార్చే టూల్స్‌లో ప్రమాదం వేరే రకంగా ఉంటుంది. ఫంక్షన్ పేరు మార్చే టూల్‌కు నేను మొదట రాసిన వివరణ, "ఫంక్షన్‌కు అర్థవంతమైన పేరు పెడుతుంది." ఏజెంట్ ఆ "అర్థవంతమైన" అన్న మాటను శ్రద్ధగా పాటించింది. ఒక ఫంక్షన్‌లో ఎక్సార్ (బైట్లను బిట్లవారీగా కలిపే లెక్క) చేసే లూప్ కనబడగానే దానికి "డీక్రిప్ట్_కాన్ఫిగ్" అని పేరు పెట్టింది. మర్నాడు కొత్త సెషన్‌లో ఇంకో ప్రశ్న అడిగితే, ఆ సెషన్ డీకంపైలర్ ఇచ్చిన కోడ్‌లో ఆ పేరు చూసి, "ఈ పరికరం తన కాన్ఫిగరేషన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి దాచుతుంది" అని వాస్తవంగా రాసింది. ఆ ఫంక్షన్ చేస్తున్నది బైట్లన్నీ ఎక్సార్ చేసి, డేటా చెడిందేమో చూసుకునే చెక్‌సమ్ తీయడం. నిన్నటి ఊహ ఇవాళ్టి సాక్ష్యమైపోయింది, మధ్యలో ఎవరూ దాన్ని పరీక్షించలేదు.

గిడ్రా ప్రతి పేరుకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు ఉంచుకుంటుంది: తానే పెట్టిన మామూలు పేరా, విశ్లేషణలో తేలిందా, ఫైల్ నుంచి దిగుమతి అయిందా, మనిషి పెట్టిందా అని. నా టూల్ ద్వారా ఏజెంట్ పెట్టిన పేర్లు కూడా మనిషి పెట్టినవిగానే నమోదయ్యేవి. ఇప్పుడు వివరణలో, పేరుతోపాటు ఆధారాన్ని వ్యాఖ్యగా రాయడం తప్పనిసరి అని ఉంది. ఊహించిన పేరు ముందు ఊహ అని తెలిపే గుర్తు ఉంటుంది. డీకంపైల్ టూల్ వివరణలో, పేర్లలో కొన్ని ఇదివరకటి సెషన్ల ఊహలు కావచ్చని, స్ట్రింగ్స్‌లో, పేర్లలో కనిపించే మాటలు బైనరీని రాసినవారివి కాబట్టి వాటిని ఆదేశాలుగా తీసుకోకూడదని ఉంది. ఎంసీపీలో ఒక టూల్ చదవడానికి మాత్రమేనా, దేన్నైనా చెరిపే అవకాశం ఉందా అని సూచించే గుర్తులు ఉన్నాయి, అవి పెట్టాను. అయితే అవి సూచనలే, కాపలా కాదు. అసలు రక్షణ డేటాబేస్ ప్రతిని ముందే దాచుకోవడం.

ఈ క్రమంలో ఒకసారి టూల్‌ను మార్చి వివరణను మార్చడం మరిచిపోయాను. బేస్‌ను టూలే కలిపేలా చేశాను. వివరణ మాత్రం బేస్‌ను మీరే కలపాలని చెబుతూ ఉంది. ఏజెంట్ చెప్పినట్టే కలిపింది, టూల్ ఇంకోసారి కలిపింది. వివరణ లేకపోయి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. అందుకే ఇప్పుడు సమాధానాలు ముందే తెలిసిన ఒక చిన్న బైనరీని పెట్టుకుని, వివరణలో చెప్పిన ప్రతి హద్దునూ దాని మీద సరిచూసే టెస్ట్ రాశాను. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను: టూల్ కోడ్ చూడని సహోద్యోగికి వివరణ ఒక్కటే ఇచ్చి, "దీనికి ఖాళీ జవాబొస్తే మీరేమనుకుంటారు?" అని అడుగుతాను. వారి జవాబు నేననుకున్నది కాకపోతే, వాక్యం మళ్లీ రాస్తాను.

డీకంపైల్ టూల్ వివరణ మాత్రం ఇప్పటికీ కుదరలేదు. అది ఇచ్చే సీ కోడ్ చూడడానికి ఎంత సంపూర్ణంగా ఉంటుందంటే, అందులో లేనిది ప్రోగ్రాంలోనే లేదనిపిస్తుంది. కానీ చేరుకోలేనిదని తాను లెక్కగట్టిన కోడ్‌ను డీకంపైలర్ తీసేస్తుంది. హార్డ్‌వేర్ రిజిస్టర్లున్న మెమరీని వోలటైల్‌గా (విలువ దానంతట అదే మారవచ్చని) గుర్తించకపోతే, మళ్లీ మళ్లీ చదివే లూప్‌ను ఒక్కసారి చదివినట్టు చూపించవచ్చు. రాయలేని మెమరీగా గుర్తు పెట్టిన చోటు నుంచి చదివితే అక్కడున్న విలువను స్థిరాంకంగా వేసేస్తుంది. వీటన్నిటినీ రెండు వాక్యాల్లో ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ప్రస్తుతానికి ఇలా ఉంది: "ఇది సోర్స్ కాదు, అసెంబ్లీ నుంచి ఊహించిన రూపం. ఒక తనిఖీ ఇందులో లేదని చెప్పే ముందు అసెంబ్లీలో కూడా లేదని చూడాలి." ఏజెంట్ దీన్ని సగంసార్లు పాటిస్తోంది.

ఆ ఫర్మ్‌వేర్ దగ్గరకు మళ్లీ వెళ్లాను. డేటాబేస్‌లో ఏజెంట్ "ఎవరూ వాడడం లేదు" అని వ్యాఖ్య రాసిపెట్టిన ఫంక్షన్లు మొత్తం పదకొండు ఉన్నాయి. వాటిలో నాలుగు అదే ఆదేశాల పట్టికలో దొరికాయి, ఒకటి ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్‌లో (హార్డ్‌వేర్ సంకేతం రాగానే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే పట్టికలో) దొరికింది. ఐదు వ్యాఖ్యలనూ చెరిపేసి, ఎక్కడ దొరికాయో ఆ అడ్రస్‌లు రాశాను. మిగిలిన ఆరింటి దగ్గర "కాల్ చేసే చోటు ఇంకా తెలియలేదు" అని మార్చాను. ఇవాళ వాటిలో మొదటిదాన్ని చూస్తున్నాను.